అరచేతితో కెమెరా మూసినాయన

1955వ సంవత్సరం, శ్రావణ మాసం, రెండో సోమవారం, పొద్దున పదిన్నర గంటలు. కర్నూల్లో జనం పిల్లోళ్ళ జైలు అని పిలిచే ఇంట్లో, తాళ్ళు పేనే కొట్టం ముందర, ఒకాయన తిరుగుతా ఉన్న కెమెరా కంటికి తన అరచెయ్యి అడ్డం పెట్టినాడు. జరిగింది అంతే. ఆ గంట ఎట్లా గుర్తుందంటే, సరిగ్గా ఆ వేళకే వార్డరు కాసీం సాబు గేటు కాడ వేలాడే రైలుపట్టా ముక్కను గంజి కోసం కొట్టేవాడు. ఆ పొద్దు కూడా కొట్టినాడు. ఎవరూ లేవలేదు.

మొన్న మా మనవరాలు టీవీ పెట్టింది. యాడనో పిల్లల హోము చూపిస్తాండారు. పిల్లల మొగాల మీద, అద్దం మీద ఊపిరి ఊదినట్టు మసక. "ఏమ్మా, టీవీ చెడిపోయిందా?" అన్నా. "కాదు తాతా. చిన్నపిల్లలు కదా, మొగాలు చూపించకూడదని చట్టం" అనింది. నేను లేచి బయటికి పోయి కూర్చున్నా. ఆ చట్టం ఎప్పుడు వచ్చిందో నాకు తెలీదు. ఆయన చెయ్యి మాత్రం ముందే వచ్చింది.

ఆయన పేరు కూడా నాకు తెలీదు. వచ్చిన పొద్దు చెప్పినాడు గానీ మేం గుర్తు పెట్టుకోలేదు. మాకు ఆయన అండీసారు. నాకు అక్షరాలు వచ్చిందే మా పెద్దకూతురు బడికి పోయినాక, దాని పలక మీద. కాబట్టి రాసేది వంకర టింకరగా ఉంటే చదువుకున్నోళ్ళు సర్దుకోండి. అబద్ధం అయితే లేదు.

ముందు నేను ఆ ఇంట్లో ఎందుకున్నానో చెప్పాల. మాది కోసిగి. వానల్లేని ఏడు, మా నాయన పోయిన మరుసటి ఏడు, మా యమ్మ నన్ను పట్టుకుని హోస్పేట పక్క కాలువ పనికి బయలుదేరింది. గుంతకల్లులో బండి మారినాం. ముంత తీసుకుని నేను నీళ్ళకు దిగినా. కొళాయి కాడ తోపులాట. ముంత నిండే లోపల బండి కదిలింది. మా యమ్మ కిటికీలో నుంచి రెండు చేతులూ బయట పెట్టి అరుస్తాండాది. అదే కడాసారి చూడటం. తర్వాత ప్లాట్‌ఫారం మీద పడుకుంటిని, పోలీసోళ్ళు లేపిరి, మేజిస్ట్రేటు కాడ నిలబెట్టిరి, కర్నూలుకు పంపిరి. కోసిగికి కబురు చేసినారంట. ఇంటికి తాళం ఉండాది, వలస పోయినారు అని జవాబు వచ్చిందంట. మళ్ళీ అడగండి సార్ అంటే, "అడిగినాం కదరా" అన్నాడు పెద్దసారు. పెద్దసారంటే సూపరింటెండెంటు. చెడ్డోడు కాదు. పైన ఉండేవాళ్ళంటే భయం ఉన్నోడు, అంతే.

కర్నూలు అప్పుడు రాజధాని. ఆపీసులు డేరాల్లో ఉండె. ఆ డేరాల్లో ఏదో ఒక డేరా నుంచి ఉత్తర్వు వచ్చింది. సర్కారు ఈ పిల్లల్ని ఎంత బాగా చూసుకుంటాందో సినిమా తీసి ఊరూరా చూపించాల. దానికోసం మద్రాసు నుంచి వచ్చినాడు ఆయన, ఒక్కడే, జట్కాలో. కెమెరాను తడిగుడ్డలో చుట్టి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. తన నెత్తికి మాత్రం గుడ్డ లేదు. ఎండకు ముక్కు తోలు లేచిపోయింది.

జట్కా దిగీ దిగగానే కాసీం సాబుకు నమస్కారం పెట్టి, "ఏమండీ, మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడు. కాసీం సాబు వెనక్కి తిరిగి చూసినాడు, ఎవరినో అంటాండాడని. తర్వాత మా కాడికి వచ్చి, "ఏమండీ, మీరంతా బాగున్నారా?" అన్నాడు. మమ్మల్ని. ఆ మాటకు హుసేని పడీపడీ నవ్వినాడు. హుసేని కర్నూలు పాతబస్తీ వాడు, జేబులు కొట్టడంలో మంచి పనోడు, నా పక్క చాప వానిదే. "అరే కోసిగీ, మనకు అండీ అంటాండాడ్రా! మనం తహసీల్దార్లం అయితిమి!" ఆ ఇంట్లో తిరిగే కుక్కను కూడా ఆయన "జరగండి, జరగండి" అనే తోలేవాడు. వేళాకోళం కాదు, ఆయనకు వేరే మాట రాదు.

సినిమా తీసే మొదటి పొద్దు పెద్ద తమాషా అయింది. పెద్దసారు మాకు తలంటించి, నూనె పెట్టించి, కొత్త చొక్కాలు తొడిగించినాడు. కాసీం సాబు వరసగా కూర్చోబెట్టి, "కదిలినారంటే బొమ్మ చెడిపోతాది. చెడిపోతే వీపులు చెడిపోతాయి" అని చెప్పినాడు. ఆయనకు తెలిసిన కెమెరా ఫోటో స్టూడియోలో ఉండేదే. మాకు అదీ తెలీదు. అండీసారు కెమెరాకు కీ ఇచ్చినాడు. గర్రుమని తిరిగింది. మేం ఊపిరి బిగబట్టినాం. చేతుల్లో నార పట్టుకున్నోడు పట్టుకున్నట్టే, నోరు తెరిచినోడు తెరిచినట్టే. తాళ్ళు నేర్పే యేసుదాసు అయ్యవారు కూడా, పురి పెడతా పెడతా ఒక కాలు పైకెత్తి అట్లే నిలబడిపోయినాడు.

ఆయన కెమెరా పక్కనుంచి తల బయటికి పెట్టి, "ఏమండీ, ఏమైంది?" అన్నాడు.

ఎవరూ పలకలేదు. పలికితే కదిలినట్టు.

"కొంచెం కదలండీ."

ఇది ఏదో పరీక్ష అనుకున్నాం. ఇంకా బిగుసుకున్నాం. కడాకు యేసుదాసు అయ్యవారే పెదాలు ఆడించకుండా, "అయ్యా, కాలు దించుకోవచ్చునా?" అని అడిగినాడు. అప్పుడు ఆయన నేల మీద కూలబడి నవ్వినాడు చూడు, కండ్లలో నీళ్ళు కారినాయి. ఆ పొద్దు ఇంక సినిమా తీయలేదు. మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి కెమెరా కంటిలో నుంచి చూడమన్నాడు. దాంట్లో కాసీం సాబు బొటనవేలంత ఉండాడు. అంత చిన్న కాసీం సాబును చూసినాక మాకు భయం పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు రీలు లేకుండానే ఉత్త కెమెరా తిప్పుతా మా మధ్య తిరిగినాడు. మేం అలవాటు పడాలని. ఆయనకొక పద్ధతి ఉండె. మా ముందర కెమెరా పెట్టే ముందు చెప్పులు విడిచేవాడు. గుడికి పోయేవాడి మాదిరి కాదు, ఇంట్లోకి వచ్చేవాడి మాదిరి. నిలబడి తీసేవాడు కాదు. నేల మీద బోర్లా పండుకునో, వంటచేసే చిన్నక్క దగ్గర గంగాళం అడుక్కుని బోర్లించి దాని మీద కెమెరా పెట్టో తీసేవాడు. "పైనుంచి తీస్తే మీరంతా తల ఎత్తి చూడాలి కదండీ" అనేవాడు. సాయంత్రానికి ఆయన తెల్లచొక్కా ఎర్రమట్టి రంగు తేలేది. మాతోపాటే సంకటి తినేవాడు గానీ గొంతు దిగక ప్రతి ముద్దకూ నీళ్ళు తాగేవాడు. చీమలంటే భయం. చిన్న నల్లచీమకు కూడా కాళ్ళు పైకి తీసుకునేవాడు. ఏం మొగోడప్పా ఇతను అనుకునేవాళ్ళం.

రీళ్ళ డబ్బాలు ఎండకు చెడిపోతాయని అండీసారు వాటిని కాసీం సాబు నీళ్ళకడవ కింద తడి ఇసుకలో పూడ్చి పెట్టుకున్నాడు. మాకేమో అందులో హల్వా ఉందని అనుమానం. ఒక మధ్యాహ్నం హుసేని ఒక డబ్బా తవ్వి మూత తీసినాడు. హల్వా లేదు. నల్ల నాడా ఒకటి చుట్టచుట్టి ఉండాది. బొమ్మలు యాడున్నాయో చూద్దామని ఎండలోకి పట్టుకుని బారెడు బారెడుగా లాగినాడు. ఆయన వచ్చేసరికి హుసేని మెడ చుట్టూ, చేతుల చుట్టూ నాడా. "సార్, దీంట్లో ఏమీ లేదు సార్, మిమ్మల్ని మోసం చేసినారు" అన్నాడు.

ఆయన డబ్బా చేతిలోకి తీసుకుని చానాసేపు అందులోకి చూసినాడు. అది మేం తాళ్ళు పేనేది అంతకుముందు తీసిన రీలు. ఎండ తగిలితే బొమ్మలన్నీ పోతాయని తర్వాత తెలిసింది. ఇంక తీయకుండా మిగిలింది ఒకే ఒక డబ్బా.

పెద్దసారు కేకలేస్తా వచ్చినాడు. బెత్తం ఆడిస్తా, "ఎవడు చేసింది?" అన్నాడు. హుసేని మెడలో పూలదండ మాదిరి నాడా వేలాడతానే ఉండాది, అడగాల్సిన పనే లేదు.

అండీసారు అడ్డం వచ్చినాడు. "నేనే మూత సరిగా పెట్టలేదండీ."

"వీడు మెడలో వేసుకుని నిలబడితే మీరు పెట్టలేదంటారేంది?"

"పాడైందని తెలిసి నేనే ఇచ్చానండీ, ఆడుకోమని."

పెద్దసారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి పోయినాడు. అండీసారు హుసేని వైపు తిరిగి, "ఇందాక బాగా లాగారండీ, ఇంకా చాలా ఉంది, లాగండి" అన్నాడు. హుసేని లాగలేదు. మెడలోది తీసి, చుట్టలు చుట్టి, డబ్బాలో పెట్టడానికి చూసినాడు. పట్టలేదు. ఏడిచినాడు. వాడు ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ మిగిలిన డబ్బా మళ్ళీ తాళ్ళ కొట్టానికి పెడతాననినాడు ఆయన. పెద్దసారు మాత్రం గట్టిగా చెప్పినాడు: "ఇన్నాళ్ళు వీపులు, కాళ్ళు, పళ్ళేలు తీసినారు. నవ్వే మొగం ఒకటి కావాల. నవ్వే పిల్లోడు లేకుంటే పైవాళ్ళు ఒప్పుకోరు."

అప్పుడు ఆయన మా కాడికి ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, గొంతుకూర్చుని అడిగినాడు. "మీ మొహం తీయమంటారా అండీ?" జవాబు కోసం ఆగినాడు. మమ్మల్ని అదివరకు పోలీసోళ్ళు అడిగినారు, మేజిస్ట్రేటు అడిగినాడు. వాళ్ళు జవాబు ముందే పెట్టుకుని అడిగినోళ్ళు. సుంకన్న, "తీ సార్, రెండు పక్కలా తీ" అన్నాడు. మద్దిలేటి, "నోరు మూసినప్పుడు తీయండి, నా పండ్లు బాగలేవు" అన్నాడు. నా వంతు వచ్చింది.

"సార్, ఈ బొమ్మ యాడాడ చూపిస్తారు?"

"బండిలో పెట్టుకుని సంత జరిగే ఊళ్ళన్నీ తిప్పుతారండీ."

"కోసిగికి పోతాదా?"

"కోసిగి ఎక్కడండీ?"

అంత పెద్ద కెమెరా ఉండి కోసిగి తెలీదంటే నాకు ఆయన మీద ఉన్న గౌరవం సగం పోయింది. ఆదోని పక్కన అని చెప్పినా. అడిగి చూస్తా అన్నాడు. నా మొగం సంగతి రేపు చెప్తా అన్నా.

ఆ సాయంత్రం హుసేని నన్ను పట్టుకున్నాడు. "పిచ్చోడా, తీయించుకోరా. మీ యమ్మ చూసి పరిగెత్తుకుంటా వస్తాది."

"మా ఊరోళ్ళు కూడా చూస్తారు."

"చూస్తే?"

"జైలు పిల్లోని తల్లి అంటారు మా యమ్మను. నీళ్ళ కాడ నిలబడనీయరు."

"నువ్వు దొంగతనం చేయలేదు గదా?"

"అది బొమ్మలో కనపడతాదా?"

  నాకు మా యమ్మ కావాల. మా యమ్మకు నా వల్ల తలవంపులు వద్దు. రెండూ ఒక మొగంలో ఎట్లా కుదురుతాయి? చాప మీద పండుకుని చేతుల్లోకి చూసుకుంటా ఉన్నా. అప్పుడు తట్టింది.

మా నాయన ఎద్దులకు ముకుతాళ్ళు పేనేవాడు. కిత్తనారతో పేని, కొస దగ్గర నారను వెనక్కి మడిచి జడ మాదిరి అల్లి, పిట్టముక్కంత ఉంగరం తీసేవాడు. అంతా అయినాక ఆ తాడును తన బుగ్గకేసి రుద్దుకునేవాడు. తన బుగ్గకు గుచ్చుకుంటే అది ఎద్దు ముక్కుకూ గుచ్చుకుంటాది, విప్పి మళ్ళీ పేనాల్సిందే. మా ఇంట్లో పేనిన తాడు బుగ్గకు తగలకుండా గడప దాటదు. నేనూ అట్లే నేర్చుకున్నా.

తెల్లారి ఆయనతో చెప్పినా. "నా మొగం వద్దు సార్. చేతులు తీయండి. మా యమ్మ గుర్తుపడతాది." తాడు పేని చూపించినా. ఆయన కండ్లార్పకుండా చూసినాడు.

"చివర్లో బుగ్గకు రుద్దుకోవాలా అండీ?"

"రుద్దుకోవాల. అది లేకుంటే ఎవరిదో తాడు."

"అప్పుడు మొహం వచ్చేస్తుంది కదండీ."

"వస్తాది."

"అక్కడ ఆపుతానండీ."

"మరిచిపోతే?"

"మర్చిపోనండీ" అన్నాడు. మళ్ళీ ఒకసారి, నాకు కాదు తనకు తానే చెప్పుకుంటున్నట్టు, "మర్చిపోను" అన్నాడు. ఆ ఒక్కసారే ఆయన నోట అండీ రాలేదు.

అట్లా వచ్చింది ఆ సోమవారం. గంగాళం బోర్లించి కెమెరా పెట్టినాడు. చెప్పులు విడిచినాడు. నా ముందర నేల మీద, నా చేతుల ఎత్తుకు కూర్చున్నాడు. చుట్టూ అందరూ. పెద్దసారు ఆయన వెనకాలే. కీ ఇచ్చినాడు. గర్రుమని మొదలైంది. నేను నార తీసుకున్నా.  రెండు పురులు పడేసరికి ఆ చప్పుడు కూడా మా నాయన గొంతులో తీసే కూనిరాగం మాదిరి అయిపోయింది. కొస మడిచినా. ఉంగరం తీసినా. తాడు పైకెత్తి బుగ్గకేసి రుద్దుకున్నా. మెత్తగా ఉండాది. మా నాయన పేనినంత మెత్తగా. నాకు తెలీకుండానే నవ్వు వచ్చింది. గుంతకల్లు నుంచి అప్పటిదాకా రాని నవ్వు.

"నవ్వినాడు! వాడు నవ్వినాడు, తీయండి, తీయండి!" అని అరిచినాడు పెద్దసారు.

ఆయన అరచెయ్యి కెమెరా కంటి మీద ఉండాది. కెమెరా మాత్రం గర్రుమని తిరుగుతానే ఉండాది. కాసీం సాబు అప్పుడే పట్టా కొట్టినాడు.

"చెయ్యి తీయండి! ఏం చేస్తాండారు మీరు? ఇన్నాళ్ళకు ఒక్కడు నవ్వితే మూసేస్తారా?"

"ఆ అబ్బాయి వద్దన్నారండీ."

"పిల్లోడు! పిల్లోనిది ఏం మాట?"

"వారి మొహం కదండీ" అన్నాడు ఆయన, నెమ్మదిగా, చెయ్యి తీయకుండా.

కెమెరా తిరిగి తిరిగి దానంతట అది ఆగింది. పెద్దసారు చెమట తుడుచుకుని, "ఇంకోసారి తీయండి" అన్నాడు. డబ్బా అయిపోయిందని చెప్పినాడు ఆయన. "పైవాళ్ళకు నేనేం చెప్పాల?" అన్నాడు పెద్దసారు, ఈసారి కోపంగా కాదు, దిగులుగా. "నవ్వాడని చెప్పండి. మీరు చూశారు కదండీ" అన్నాడు ఆయన.

యేసుదాసు అయ్యవారు తర్వాత అడిగినాడంట, మర ఆపేస్తే పోయేది కదా, చెయ్యి ఎందుకు పెట్టినారు అని. ఆపితే చప్పుడు ఆగిపోతుందండీ, చప్పుడు ఆగితే ఆ పిల్లవాడి నవ్వు కూడా ఆగిపోతుందని భయమేసింది అన్నాడంట. ఉన్న ఒక్క రీలు, దాని కొసంతా అరచేతి చీకట్లో తిప్పేసినాడు, నేను నవ్వుకోవాలని.

మరుసటి పొద్దు జట్కా ఎక్కి పోయినాడు. కుక్కకు కూడా "వెళ్ళొస్తానండీ" అని చెప్పినాడు. మళ్ళీ నేను ఆయన్ను చూడలేదు.

జొన్న కోతలు అయ్యేటప్పటికి ఒక పొద్దున గేటు కాడ కాసీం సాబు గొంతు చించుకున్నాడు. "అరే కోసిగీ! రారా, రా! ఎవరొచ్చినారో చూడు!" మా యమ్మ. చెప్పుల్లేవు, కాళ్ళనిండా దుమ్ము, చంకలో జొన్నరొట్టెల మూట. నన్ను ముట్టుకునే ముందు నా చేతులు తిప్పి తిప్పి చూసింది. గేటు తాళం తీసింది కాసీం సాబు కాదు, పెద్దసారే పరిగెత్తుకుంటా వచ్చి తీసినాడు.

నన్ను గుంతకల్లులో శానా వెదికిందంట, ఎవరూ చెప్పలేదంట. పనులు అయినాక ఊరికి వచ్చేసింది. ఒక సంత పొద్దు, దీపాలు పెట్టే వేళ, బొమ్మల బండి వచ్చి తెర కట్టిందంట. మా వాళ్ళను ముందర కూర్చోనీయరు, తెరకు వెనకాలే. ఆ పక్క నుంచి చూస్తే కుడి ఎడమ అవుతాది, ఎడమ కుడి అవుతాది. "ఎడమ చేత్తో పేనుతాండారు ఎవరో అనుకుంటి" అనింది మా యమ్మ. "కొస మడిచి ఉంగరం తీసేసరికి నా గుండె ఆగిపాయ. తాడు పైకి పాయ, బుగ్గకాడికి పాయ. అంతే, నల్లగా అయిపాయ. లేచి అరిస్తి. మా ఊరోళ్ళు నాకు దయ్యం పట్టిందనుకుండ్రి."

బండాయన ఆట ఆపేసి తెర వెనకకు వచ్చినాడంట. "తాడు చూసి లేచినావా అమ్మా?" అని అడిగినాడంట. ఔనంటే, ఆ ముక్క ఇంకోసారి వేసి చూపించి, ఆమె ఒక్కదాని చెవిలోనే కర్నూలు గుర్తులన్నీ చెప్పినాడంట. "తీసినాయన చెప్పి పంపినాడమ్మా. తాడు చూసి ఎవరన్నా లేస్తే మళ్ళీ వేయమన్నాడు. పదిమందిలో చెప్పొద్దన్నాడు. కోసిగి రానిదే బండి మద్రాసుకు తిప్పొద్దన్నాడు."

పెద్దసారు కాగితాలు రాయించేదాకా మేం కొట్టం ముందర కూర్చున్నాం. రొట్టె తుంచి నోట్లో పెడతా మా యమ్మ అడిగింది: "బుగ్గకాడ నల్లగా అయిపాయ కదరా, అదేమి?"

"అది అండీసారు చెయ్యి" అన్నా.

ఆ చీకటి ముక్కను ఆయన కోసి పారేయలేదు. అట్లే పెట్టి ఊరూరా తిప్పినాడు. ఆ సినిమా నేను ఈ పొద్దు వరకూ చూడలేదు, యాడుందో తెలీదు. అందులో మంత్రుల పేర్లు, ఆపీసర్ల పేర్లు పడతాయంట. మా పేర్లు లేవంట. ఇప్పుడు నాకు అక్షరాలు వచ్చు, కాబట్టి ఆ పొద్దు ఆడ ఉన్నోళ్ళ పేర్లు నేను రాస్తాండా. పట్టా కొట్టి సుత్తి చేతిలో పట్టుకునే నిలబడిపోయిన కాసీం సాబు. నార కట్ట ఒళ్ళో పెట్టుకున్న యేసుదాసు అయ్యవారు. గంగాళం ఇచ్చి, గంజి పోసేదానికి వేరే ఏనం లేక తిట్టుకుంటా ఉన్న చిన్నక్క. చెమట తుడుచుకుంటాన్న పెద్దసారు వెంకటరమణయ్య. రెండు పక్కలా మొగం ఉన్న సుంకన్న. నోరు మూసుకున్న మద్దిలేటి. నేను నవ్వుతాంటే నాకంటే ముందు చూసి మోచేత్తో పొడిచిన హుసేని. కోసిగి ఈరన్న, అంటే నేను. మా ముందర చెప్పులు విడిచి నేల మీద కూర్చుని, అరచెయ్యి అడ్డం పెట్టి, ఆ చెయ్యి మీదుగా నన్నే చూస్తా, నాతోపాటు నవ్వుతాన్న అండీసారు.